ఏమండీ, పొగొస్తోంది

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే అమ్మ ఒకటే చెప్పేది: "మా అమ్మాయి మాదాపూర్‌లో తాలింపులు మాడుస్తుందండి. దానికి జీతం కూడా ఇస్తారు."

అబద్ధమేమీ కాదు. ఫ్లాట్లలో పైకప్పుకి బిగించే పొగ అలారాలు తయారుచేసే చిన్న కంపెనీలో నేను టెస్టింగ్ చూస్తాను. బయటి దేశాల నుంచి వచ్చే అలారాలకి మన వంటిల్లు ఎక్కదు. నూనెలో ఎండుమిరపకాయ పడగానే కొంప అంటుకుందని గోల పెడతాయి. జనం కొన్నాళ్ళు ఓర్చుకుని, ఆ తర్వాత స్టూలెక్కి దానికో పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసేస్తారు. కొండాపూర్‌లో ఏ కొత్త అపార్టుమెంటుకి వెళ్ళినా గృహప్రవేశం హోమం నాడు కట్టిన కవరు ఇంకా పైకప్పుకి వేలాడుతూనే ఉంటుంది. ఒకరింట్లో అలారానికి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టారు. కవరు మాత్రం విప్పలేదు.

అందుకని మా ఆఫీసులో ఒక గదిలో గ్యాస్ పొయ్యి పెట్టి రకరకాల పొగలు వేసేవాళ్ళం. తాలింపు పొగ, సాంబ్రాణి పొగ, హారతి కర్పూరం, దోమల చుట్ట, కాలిన వైరు, రాజుకున్న దూది. ఏది ఇంటి పొగో ఏది చావు పొగో యంత్రానికి నేర్పించడం నా పని. సాయంత్రం ఇంటికి వెళ్తే నా జుట్టు వాసన చూసి ఇవాళ ఏం మాడ్చానో అమ్మ చెప్పేసేది.

ఆ అలారం లోపల ఉండేది చాలా చిన్న సంగతి. నల్లటి బుల్లి గది. అందులో ఒక మూల దీపం, ఇంకో మూల కన్ను. దీపం వెలుగు నేరుగా కంటి మీద పడకుండా మధ్యలో ఒక అడ్డు. మామూలప్పుడు ఆ కంటికి అంతా చీకటే. పొగ లోపలికి వస్తే వెలుగు దానికి తగిలి చెదురుతుంది, అప్పుడు కంటికి దీపం ఉందని తెలుస్తుంది. వంటింటి కిటికీలోంచి పడే ఎండ, పొయ్యి మీద పొగ ఉన్నప్పుడే గీతలా కనబడుతుంది చూడండి, అదే కిటుకు. ఇది కనిపెట్టిన మనిషి ఎవరో గాని, పక్కనే ఉన్నదాన్ని పొగ వచ్చేదాకా చూడలేని కన్నొకటి తయారుచేశాడు. ఆఫీసుకి వచ్చిన వాళ్ళకి ఈ మాట గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడు మానేశాను.

పొగని పట్టుకోవడం ఒక ఎత్తు, మనిషిని లేపడం ఒక ఎత్తు. మన ఇళ్ళలో కూత పెట్టని వస్తువంటూ లేదు. కుక్కరు, మైక్రోవేవు, ఇన్వర్టరు, వాషింగ్ మెషిను, ఆఖరికి ఫ్రిజ్ తలుపు. అలారం కీచుమంటే అందరూ ముందు ఫోను చూసుకుంటారు. అందుకని కూత తీసేసి మాటలు పెడదామనుకున్నాం. చక్కటి గొంతున్న ఒకావిడ చేత స్టూడియోలో చదివించాం. "గమనించండి. మీ గృహంలో పొగ గుర్తించబడినది. దయచేసి వెలుపలికి వెళ్ళిపోండి." కొందరి ఇళ్ళలో పెట్టి చూస్తే, మనుషులు రైల్వే ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టు కదలకుండా కూర్చుని మొత్తం విన్నారు. ఒకాయనైతే బాగా చదివిందని మెచ్చుకున్నాడు కూడా.

ఇలా కాదని, మాటలు మార్చి రాసుకుని, పలికితే ఎంతసేపు వస్తాయో చూద్దామని ఒక ఆదివారం అమ్మ ముందు ఫోను పెట్టాను. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని మామిడికాయలు తరుగుతోంది. నాన్న హాల్లో పేపరు చదువుతున్నాడు. మాది గోదావరి వైపు. నాన్న ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక ఇద్దరూ కొండాపూర్‌లో నా ఫ్లాటుకి వచ్చేశారు.

"ఇల్లు అంటుకుందనుకో. ఇది చదువు," అని కాగితం చూపించాను.

అమ్మ చదివి కాగితం పక్కన పెట్టేసింది. "ఇంట్లో ఉన్నవాళ్ళని వెళ్ళిపోండి అంటారటే ఎవరైనా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నేననను."

మా ఇంట్లో కూరగాయలకి బయల్దేరినా వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి. అలాంటి మనిషి చేతికి ఆ కాగితం ఇవ్వడం నాదే తెలివితక్కువ. మరి ఏమంటావని అడిగాను.

"బయటికి రండి అంటాను. పిలిచినట్టుంటుంది."

"సరే, పిలువు."

అమ్మ హాలు వైపు తల తిప్పింది. "ఏమండీ, పొగొస్తోంది. బయటికి రండి. అవన్నీ తర్వాత, ముందు బయటికి రండి."

పేపరు కదలలేదు. "వస్తున్నానే," అన్నాడు నాన్న పేపరు వెనకనుంచి. రాలేదు.

నాన్న ఏ పిలుపుకీ మొదటిసారి లేచిన మనిషి కాడు. అన్నం పెట్టేశానని అమ్మ పిలిస్తే వస్తున్నానంటాడు, కూర చల్లారుతోందని పిలిస్తే వస్తున్నానంటాడు. నాలుగో పిలుపులోనో అయిదో పిలుపులోనో అమ్మ గొంతు పదునెక్కేది, అప్పుడు చెప్పులు వెతుక్కునేవాడు. అలా పిలిపించుకోవడం ఆయనకి ఇష్టమేమో అని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. అమ్మకి కూడా ఆ సంగతి తెలుసనుకుంటాను.

నాన్న జవాబు కత్తిరించేసి, ఆ ముక్క ఆఫీసులో వినిపించాను. మా టీమ్ లీడు కుర్చీలోంచి సగం లేచి, తలుపు వైపు చూసి, సిగ్గుపడి మళ్ళీ కూర్చున్నాడు. "ఇగ వేరే గొంతు ఎందుకు? గిదే పెట్టేద్దాం," అన్నాడు. ఎవరూ కాదనలేదు. అమ్మ జన్మలో నాన్న పేరు నోటితో పలకలేదు. పలికి ఉంటే ఆ రికార్డింగు మా ఇంటికి తప్ప ఇంకెక్కడికీ పనికొచ్చేది కాదు. ఏమండీ అనేసరికి అది అందరి ఇళ్ళకీ సరిపోయింది. "అయితే ఊళ్ళో అందరి మొగుళ్ళనీ నేనే లేపాలన్నమాట," అని అమ్మ వారంపాటు నవ్వింది.

ఆ వానాకాలంలో అమ్మ పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాం, ఇంటికి తీసుకురాలేకపోయాం. ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

దినాలయ్యాక ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ ప్రతి టెస్టుకీ అమ్మ పిలిచేది. టీమ్‌లో వాళ్ళు నా మొహం చూసి శబ్దం తగ్గించేవాళ్ళు, నేను హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని. కానీ వీధిలో ఎవరు తగ్గిస్తారు? ఒక సాయంత్రం కొండాపూర్‌లో కూరగాయల బండి దగ్గర నిలబడి ఉంటే, ఎవరిదో తెలియని బాల్కనీలోంచి అమ్మ పిలిచింది. ఏమండీ, పొగొస్తోంది. బండివాడు బెండకాయలు తూస్తూ తల పైకెత్తి చూశాడు. ఎవరింట్లోనో ఏదో మాడింది, అంతే. నేను మాత్రం ఆ మెట్లెక్కి తలుపు తడితే అమ్మే తీస్తుందని అనుకున్నాను. ఊరికే అనుకోవడం కాదు, గేటు దాకా నడిచాను. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అయినా మేము అలారం బిగించిన ప్రతి ఇంటి పైకప్పుకీ ఒకటి ఉంది, దాన్ని అక్కడ పెట్టింది నేనే.

మా హాల్లోనూ ఒకటి ఉంది. అమ్మ పోయాక అది మోగడం నేనెప్పుడూ వినలేదు. నేను వండేది అన్నం, చారు. చారు తాలింపుకి అది మోగదు. నాన్న దాని ఊసు ఎత్తేవాడు కాదు. ఆయన దేని ఊసూ ఎత్తేవాడు కాదు. తినమంటే తినేవాడు, మొదటిసారి పిలవగానే వచ్చి కూర్చునేవాడు. అది చూస్తేనే నాకు ఎక్కువ భయం వేసేది.

ఒకరోజు లిఫ్టు దగ్గర ఎదురు ఫ్లాటు పెద్దమ్మ నన్ను ఆపింది. మెదక్ వైపు మనిషి. అమ్మకి స్నేహితురాలు. ఇద్దరూ సాయంత్రాలు కారిడార్‌లో కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు.

"ఏంది బిడ్డా, మీ ఇంట్ల గిట్ల రోజు మీ అమ్మ పిలుస్తున్నది," అంది. "పగటిపూట నువ్వు ఆఫీసుకు పోయినంక. నాకైతే జర భయమైతున్నది. ఏమనుకోకు."

అలారం పాడైందేమోనన్నాను. పెద్దమ్మ నా మొహంలోకి చూసి, "పాడైతే మంచిదే," అని లిఫ్టెక్కేసింది.

మర్నాడు ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసులో చెప్పి, నాన్నకి చెప్పకుండా నా గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ హాల్లోకి వచ్చే వేళకి అమ్మ పిలిచింది. ఏమండీ, పొగొస్తోంది. బయటికి రండి. తలుపు తీసి చూశాను. నాన్న బూజుకర్ర చివర, అమ్మ చేసిపెట్టిన దీపపు వత్తి ఒకటి దారంతో కట్టి, వెలిగించి ఆర్పి, పొగ అలారానికి పట్టిస్తున్నాడు. ఆ తర్వాత కర్రని జాగ్రత్తగా గోడకి చేరవేసి, కుర్చీలో కూర్చుని, పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అవన్నీ తర్వాత, ముందు బయటికి రండి.

"వస్తున్నానే," అన్నాడు నాన్న.

సాంబ్రాణి పొగకి మా అలారం మోగదు, ఆర్పిన దూది పొగకి మోగుతుందని ఒకప్పుడు అన్నాల దగ్గర నేనే చెప్పాను. నాన్న వింటున్నాడని నాకు తెలియదు. పొగ చెదిరిపోయి అమ్మ ఆగేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాను. కోపం వచ్చింది, ఆయన మీదో, పైకప్పుకున్న ఆ తెల్లటి అలారం బిళ్ళ మీదో తెలియలేదు.

"నాన్నా, ఇదేంటి?"

నన్ను చూసి తడబడలేదు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "లేచి వెళ్తే ఏముందమ్మా? కూర్చుంటే పిలుస్తూ ఉంటుంది."

"నీకు అమ్మ గొంతు కావాలంటే ఫోన్లో వేసిస్తాను. ఎప్పుడంటే అప్పుడు వినొచ్చు."

"ఫోన్లో అయితే నేను నొక్కితే మాట్లాడుతుంది." ఆయన పైకప్పు వైపు చూశాడు. "ఇక్కడ అలా కాదు. నాకేదో అవుతుందని చూసి, తనంతట తను పిలుస్తుంది."

ఇంజనీరింగ్ చదివినదాన్ని, నాకు తెలుసు. ఆయన చెప్పింది నిజం. అది పనిచేసేదే అలాగ. కర్ర నా చేతికిచ్చాడు, ఇంక చేయనన్నాడు. అమ్మ పోయాక నా ఫోన్లో ఆపేసుకున్న మా ఇంటి అలారం సందేశాలు ఆ రోజే మళ్ళీ తెరిచాను. కానీ నా భయం కర్రతో పోయేది కాదు. ఆ గొంతు తీసేస్తే ఆయనకి మిగిలిన కాస్త అమ్మా ఉండదు. ఉంచితే, నిజంగా పొగొచ్చిన రోజున ఆయన కుర్చీలోంచి లేవడు. ఎవరినైనా బతికించడానికి పెట్టిన పిలుపు మా ఇంట్లో ఒక్క మనిషిని కూర్చోబెట్టేస్తోంది. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మా టెస్టులలో ఇలాంటి దానికి పేరు లేదు.

నేను ఎటూ తేల్చుకోకముందే ఆ రోజు రానే వచ్చింది. క్యాబ్‌లో ఇంటికి వస్తున్నాను. కొత్తగూడ దగ్గర బళ్ళు కదలడం లేదు. ఫోన్లో సందేశం: హాల్లో పొగ. మాట తప్పాడు, మళ్ళీ వత్తి వెలిగించాడు అనుకున్నాను. కానీ వత్తి పొగకి ఫోన్లో పొగ ఎంతుందో చూపే గీత పైకి లేచి వెంటనే కిందికి దిగుతుంది. ఇది లేస్తూనే ఉంది.

మా అలారంలో ఒక మైకు, స్పీకరు ఉంటాయి. ఊళ్ళో ఎక్కడున్నా ఫోన్లోంచి ఇంట్లో చప్పుళ్ళు వినొచ్చు, ఇంట్లో వాళ్ళతో మాట్లాడొచ్చు. నొక్కాను.

ఏమండీ, పొగొస్తోంది. బయటికి రండి.

దగ్గు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. "వస్తున్నానే."

నాన్న ఫోనుకి చేశాను. అది పడగ్గదిలో మోగుతుండడం నాకే వినబడింది. అవన్నీ తర్వాత, ముందు బయటికి రండి. మళ్ళీ దగ్గు, ఈసారి ఎక్కువసేపు. నేను ఫోన్లోకి అరిచాను. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. నా మాట ఇంట్లోకి వెళ్ళలేదు. ఉన్నది ఒకే స్పీకరు. అలారం మాట్లాడుతున్నంతసేపూ ఇంకెవరి మాటా అందులోంచి రాదు. అమ్మ ఆగితేనే నేను.

ఆపడానికి ఫోన్లో ఒక బటను ఉంది. పొగ ఉండగా ఎవరూ పొరపాటున ఆపకూడదని దాని ముందు ఒక ప్రశ్న పెట్టాం: ఇంట్లో అందరూ బయటికి వచ్చేశారా? అవును అంటేనే ఆగుతుంది. నా వేలు తెర మీద ఆగిపోయింది. ఏమండీ, పొగొస్తోంది, బయటికి, అంటోంది అమ్మ. అవును అని నొక్కాను. అమ్మ మాట మధ్యలో తెగిపోయింది.

క్యాబ్‌లో హారన్లు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ఫోన్లోంచి నాన్న గొంతు, చాలా మెల్లగా: "ఏమే? ఆగిపోయావేం?"

నా జీవితంలో అంత భయంకరమైన మాట నేను వినలేదు. నన్ను కాదు అడిగింది, కానీ జవాబు చెప్పాల్సింది నేను.

"నాన్నా, నేను. అమ్మ కాదు, నేను. నిజంగానే పొగ. నువ్వు రాకపోతే నాకెవరూ లేరు. లేచి తలుపు తియ్యి."

దగ్గు. తర్వాత చెప్పుల చప్పుడు, గడియ తీసిన చప్పుడు, ఆ వెంటనే ఎదురింటి పెద్దమ్మ కేకలు. "అన్నా, ఇటు రా, మొకానికి తడిగుడ్డ పెట్టుకో."

కింది ఫ్లాటు వాళ్ళు బాల్కనీలో స్కూటర్ బ్యాటరీ చార్జింగ్ పెట్టి బయటికి వెళ్ళారట. అది కాలి, పొగంతా మా బాల్కనీలోంచి హాల్లోకి వచ్చింది. నేను చేరేసరికి నాన్న కింద పార్కింగ్‌లో వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముక్కు దగ్గర మసి. నన్ను చూసి, తప్పు చేసినవాడిలా లేచి నిలబడ్డాడు. కౌగిలించుకుని ఏడ్చాను, వాచ్‌మన్ చూస్తున్నా సరే. "నీ ఒక్క పిలుపుకే ఒచ్చిండు బిడ్డా, ఇగ ఫికర్ చెయ్యకు," అంది పెద్దమ్మ. ఆ మాటకి నాన్న తల దించుకున్నాడు.

హాలు గోడలకి సున్నం వేయించాక, అలారంలో గొంతు మార్చాను. మా ఇంటి ఒక్కదానికే. ముందు ఆయన్నే అడిగాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నీకు భయంగా ఉంటోంది కదమ్మా, మార్చెయ్," అన్నాడు. నా గొంతే పెట్టాను. ఏమి చెప్పాలో పెద్దగా ఆలోచించలేదు. నాన్నా, పొగొస్తోంది. లే. బయటికి రా. విని చూసుకుంటే అందులో అమ్మ యాస ఎక్కడా లేదు. ఆఫీసులో పెరిగిన గొంతు.

ఆదివారం పొద్దున్న, పరీక్షించి చూద్దామని చెప్పి, బటను నొక్కాను. నాన్న పేపరు చదువుతున్నాడు. మొదటి పిలుపుకే పేపరు మడిచి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, తలుపు తీసుకుని కారిడార్‌లోకి వెళ్ళి లిఫ్టు పక్కన నిలబడ్డాడు. బడిలో డ్రిల్లుకి నిలబడ్డ పిల్లాడిలా తిన్నగా నిలబడ్డాడు. ఇంత తేలిగ్గా లేచిన మనిషిని చూస్తే ఊపిరి పీల్చుకోవాలి. నేను ఆ మడిచిన పేపరు వంకే చూశాను.

నేనూ బయటికి వచ్చి, పొగొచ్చినప్పుడు ఎలా చేయాలో అంతా చూపిద్దామని, తలుపు మూయబోయాను. పొగ గదుల్లోంచి కారిడార్‌లోకి రాకుండా తలుపు వేసేయాలి, అది అలారంతో పాటు మేమిచ్చే పుస్తకంలో మొదటి పాఠం.

నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. కోపంగా కాదు, దారిలో పిల్లని ఆపినట్టు.

"తలుపు వెయ్యకమ్మా," అన్నాడు. "మీ అమ్మ ఇంకా లోపలే ఉండిపోయింది."